లోడ్ పెట్టి చూశావురా?

ఈ కాలం కుర్రాళ్ళకి కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ కొనడమంటే అట్టపెట్టె చదవడం. పెట్టె మీద 1200 వాట్స్ అని ఉంటుంది, పక్కన బంగారు రంగు బిళ్ళ ఒకటి, దాని కింద పదేళ్ళ వారంటీ. కళ్ళకద్దుకుని డబ్బు కట్టేసి వస్తారు. ఇంటికొచ్చాక పెట్టె విప్పుతూ వీడియో తీస్తారు. నల్లటి గుడ్డ సంచీలోంచి వైర్లు బయటికి లాగి ‘బిల్డ్ క్వాలిటీ సూపర్’ అంటారు. సంచీ క్వాలిటీ చూసి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ క్వాలిటీ చెప్పే విద్య మా రోజుల్లో లేదు.

మా తమ్ముడి కొడుకూ అలాగే ఒకటి తెచ్చాడు. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఏఐ మోడల్స్ ఇంట్లోనే నడుపుకుంటాడట, అందుకని పెద్ద గ్రాఫిక్స్ కార్డు, దానికి తగ్గ సప్లై. ‘లోడ్ పెట్టి చూశావురా?’ అన్నాను. ‘గోల్డ్ రేటెడ్, పెదనాన్నా’ అన్నాడు. నేనడిగిందేమిటి, వాడు చెప్పిందేమిటి! ఆవకాయలో ఉప్పు సరిపోయిందా అంటే జాడీ చూపించినట్టుంది. పైగా ‘ఆన్ చేస్తే ఫ్యాన్ కూడా తిరగట్లేదు, అంత సైలెంట్!’ అని మురిసిపోయాడు. మా రోజుల్లో ఫ్యాన్ తిరగకపోతే పోయిందనేవాళ్ళం.

ముందు వాట్ల సంగతి చెప్పుకుందాం. 1981లో ఐబీఎం వాళ్ళు మొదటి పీసీ వదిలినప్పుడు దాని పవర్ సప్లై 63.5 వాట్లు. ఆ అర వాటు కూడా వదలకుండా రాసుకున్నారు చూడండి, అదీ లెక్కంటే. 1983లో వచ్చిన ఎక్స్‌టీకి 130, మరుసటేడు వచ్చిన ఏటీకి 192. మేం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో బల్ల వేసుకుని రిపేర్లు చేసే నాటికి 200, 230 వాట్ల డబ్బాలు నడుస్తున్నాయి. 300 వాట్లు అడిగినవాణ్ణి ‘ఏం సార్, సర్వరా?’ అని గౌరవంగా చూసేవాళ్ళం. ఇప్పుడో? 2025 జనవరిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒక్కదానికే 575 వాట్లు. అంటే తొమ్మిది ఐబీఎం పీసీల కరెంటు ఒక్క కార్డు మింగుతుంది. దేనికయ్యా అంటే, బొమ్మలో నీటి మీద వెలుగు సహజంగా పడటానికట.

వాట్ల కంటే ఆంపియర్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. మా 230 వాట్ల డబ్బాలో 12 వోల్ట్ల పసుపు వైరు మీద 9 ఆంపియర్లు రాసుంటే గొప్ప. బలమంతా ఎర్ర వైరు మీద, 5 వోల్ట్ల వైపు ఉండేది. 2000లో పెంటియమ్ 4 వచ్చి, మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నుల 12 వోల్ట్ల కనెక్టరు వెలిశాక భారం పసుపు వైరు మీదికి మళ్ళింది. ఇప్పుడు 1200 వాట్ల సప్లై అంటే దాదాపు మొత్తం 12 వోల్ట్ల మీదే. 1200ని 12తో భాగించండి. 100 ఆంపియర్లు! కారు స్టార్టర్ మోటారు సెకను రెండు సెకన్లు లాగే కరెంటుని మావాడు గంటల తరబడి బల్ల కింద లాగిస్తాడు. అలాంటి యంత్రాన్ని పరీక్షించకుండా వాడటమంటే ఎంత ధైర్యం!

మా పరీక్ష ఎలా ఉండేదో చెబుతాను, నవ్వుకుంటే నవ్వుకోండి.

రిపేరు చేసిన సప్లైని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేవాడికి మా బల్ల దగ్గర చోటు లేదు. ముందు సిరీస్ బల్బు. 100 వాట్ల ఫిలమెంటు బల్బుని ఫేజు వైరులో వరసగా కలిపి, దాని తర్వాత సప్లై. స్విచ్ వేయగానే బల్బు ఒక్క క్షణం భగ్గుమని మందగించిందా, లోపల పెద్ద కెపాసిటర్లు చార్జ్ అయ్యాయి, షార్ట్ లేదు. వెలిగింది వెలిగినట్టే ఉందా, 13007 ట్రాన్సిస్టర్ల జత ఎగిరిపోయిందనో బ్రిడ్జి డయోడు షార్ట్ అయిందనో లెక్క. చేతి మీటరు తీయకముందే సగం రోగం బల్బే చెప్పేసేది. ఇప్పుడు ఎల్ఈడీలు వచ్చి ఆ బల్బులు దొరకడమే గగనం. నేను అటక మీద కొన్ని దాచాను, ఎవరికీ ఇవ్వను.

బల్బు దగ్గర గట్టెక్కిన సప్లైకి అప్పుడు అసలు పరీక్ష. 12 వోల్ట్లకి కారు హెడ్‌లైట్ బల్బు. 55 వాట్లది ఒక్కటి తగిలిస్తే నాలుగున్నర ఆంపియర్లు. 5 వోల్ట్లకి నైక్రోమ్ తీగ. హీటర్ కాయిల్ ముక్క కత్తిరించి, మీటరు మీద అర ఓమ్ వచ్చేదాకా పొడవు సరిచేసి, పింగాణీ గొట్టానికి చుట్టేవాళ్ళం. అర ఓమ్ అంటే 10 ఆంపియర్లు. రెండు చుట్టలు కలిపితే 20. చుట్ట ఎర్రబడుతుంటే నీళ్ళ బకెట్లో దించడం. నీళ్ళు వేడెక్కుతుంటే సప్లై పని చేస్తున్నట్టే. ఒక చలికాలంలో మా కుర్రాడు ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కునేవాడు.

ఇక్కడో వింత కనపడేది. హెడ్‌లైట్ బల్బు వెలుగుతుండగా 5 వోల్ట్లకి తీగ చుట్ట తగిలిస్తే, బల్బు ఇంకాస్త ప్రకాశంగా వెలిగేది. భారం ఒకచోట వేస్తే ఇంకోచోట ఉత్సాహం! కారణమేమిటంటే, అప్పటి సప్లైల్లో 12కీ 5కీ కలిపి ఒకటే రెగ్యులేషన్. టీఎల్494 అనే చిప్పు ఎక్కువగా 5 వోల్ట్ల వైపే చూసి, అది కుంగగానే మొత్తం ట్రాన్స్‌ఫార్మర్‌ని గట్టిగా తోసేది. ఆ తోపుకి 12 పైకి లేచేది. సూది మీటరు పెట్టి చూస్తే 5 వైపు 4.75కి దిగకూడదు, 12 వైపు 12.60 దాటకూడదు. ఐదు శాతం హద్దు అంటే అదే. ఈ క్రాస్ లోడ్ అనేది పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు, బల్బు వెలుగులో కళ్ళారా చూసింది.

అరగంట అలా ఉంచి, కవరు మీద చెయ్యి పెట్టేవాళ్ళం. ముక్కు దగ్గర పెట్టేవాళ్ళం. ట్రాన్స్‌ఫార్మర్ వార్నిష్ కాలే వాసన ఒకటి, ఎలక్ట్రోలైట్ కారే చేపల వాసన ఒకటి, రెండూ వేరు. ఇవాళ ఎంత ఖరీదైన మీటరైనా ఆ రెండు వాసనల తేడా చెప్పగలదేమో కనుక్కోండి.

కొనేటప్పుడైతే తూకం. డబ్బాని అరచేతిలో ఎత్తి చూస్తే చాలావరకు తెలిసిపోయేది. తేలిగ్గా ఉందంటే హీట్ సింకు రేకుముక్క, ట్రాన్స్‌ఫార్మర్ బొటనవేలంత. నాలుగు స్క్రూలు విప్పి చూస్తే బండారం బయటపడేది. కరెంటు లోపలికి వచ్చేచోట ఫిల్టరు కాయిల్ ఉండాలి. బోర్డు మీద కాయిల్ బొమ్మ ముద్రించి ఉంటుంది, బొమ్మ పక్కనే దాని నంబరూ ఉంటుంది, కాయిల్ మాత్రం ఉండదు. దాని స్థానంలో రెండు వైరు ముక్కలు అడ్డంగా టంకం పెట్టి ఉంటాయి. ఆ డబ్బా మీదే 450 వాట్స్ అని పెద్ద అక్షరాలు. పైన పటారం, లోన లొటారం. క్యాబినెట్ కొంటే ఉచితంగా వచ్చే ఆ డబ్బాలు ఎన్ని లక్షల ఇళ్ళలోకి వెళ్ళాయో! లేబుల్ మీద 12 వోల్ట్ల గడి చదివితే 14 ఆంపియర్లు ఉండేది. 12 ఇంటూ 14 ఎంత? 168. మిగతా వాట్లు ఎక్కడున్నాయని దుకాణం వాణ్ణి అడిగితే ‘అవి పీక్ వాట్స్ సార్’ అనేవాడు. ఏ శిఖరం మీద ఉంటాయో ఆ వాట్లు, ఇంతవరకు ఎక్కి చూసినవాడు లేడు.

అప్పట్లో కంప్యూటరంటే చదువుకున్నవాడికీ ఒక భయం ఉండేది, ఆ భయం మంచిదే. ఏటీ సప్లై నుంచి మదర్‌బోర్డుకి పీ8, పీ9 అని రెండు కనెక్టర్లు. రెంటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కన పడాలి. తారుమారైతే బోర్డు గోవిందా. ముందు బటన్‌లోకే నేరుగా 230 వోల్ట్లు వచ్చేవి. వెనక ఎర్రటి చిన్న స్విచ్, 115కీ 230కీ మార్చుకోవడానికి. ఇంట్లో పిల్లాడెవడో గోరుతో దాన్ని 115 వైపు జరిపి ఆన్ చేస్తే, దీపావళి బాంబు! ఆ శబ్దం విన్నవాడు జన్మలో సప్లైని తేలిగ్గా తీసుకోడు. ఇప్పటి సప్లైలు 100 నుంచి 240 దాకా వాటంతటవే సర్దుకుంటాయి. మంచిదే, కాదనను. కానీ భయం పోయింది, దాంతోపాటు చూసుకునే అలవాటూ పోయింది.

ఇప్పటి పరీక్ష ఏమిటంటే పేపర్ క్లిప్పు. 24 పిన్నుల కనెక్టరులో పచ్చ వైరుకీ నల్ల వైరుకీ క్లిప్పు గుచ్చుతారు. ఫ్యాన్ తిరుగుతుంది. ‘వర్కింగ్ అంకుల్!’ పచ్చ వైరు అనేది సప్లైని నిద్ర లేపే సంకేతం. లేచి కూర్చున్నవాడల్లా బస్తా మోయగలడని ఎవరన్నారు? దీనికి అన్నయ్య ఒకడున్నాడు, ప్లాస్టిక్ టెస్టరు. కనెక్టరు గుచ్చితే చిన్న తెర మీద 12.1, 5.0, 3.3 అని అంకెలు చూపించి కీచుమంటుంది. అదీ భారం లేకుండానే, లేదంటే నామమాత్రపు భారంతోనే. 100 ఆంపియర్లు ఇస్తానన్న యంత్రాన్ని దాదాపు సున్నా దగ్గర చూసి పాస్ మార్కులు వేయడమంటే, ఈ లెక్కన మా నైక్రోమ్ బకెట్ పీహెచ్‌డీ.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ బకెట్ ఈ రోజు చాలదు. 1200 వాట్లకి హెడ్‌లైట్ బల్బులు పెట్టాలంటే 22 కావాలి. గదిలో ఆ వేడికి పరీక్షించేవాడు ముందు పోతాడు. ఇప్పుడు దీనికి సరైన సాధనం ఎలక్ట్రానిక్ లోడ్. ఒక్కో వోల్టేజీ లైను మీద ఇన్ని ఆంపియర్లు లాగు అని అంకె నొక్కితే అన్నే లాగే యంత్రం. తైవాన్‌కి చెందిన క్రోమా వాళ్ళవి ప్రయోగశాలల్లో ఎక్కువగా కనపడతాయి. ఖరీదు చూస్తే కారు గుర్తొస్తుంది. దాని పక్కన ఆసిలోస్కోపు, గోడ వైపు ఎన్ని వాట్లు లోపలికి పోతున్నాయో కొలిచే పవర్ మీటరు, వేడి పుట్టించే పెట్టె ఒకటి. ఇవన్నీ ఉన్నచోట జరిగే పరీక్ష చూస్తుంటే, నాలాంటి సణుగుడుగాడు కూడా నోరు మూసుకుంటాడు.

ముందు పది శాతం భారంతో మొదలుపెట్టి నూటిదాకా మెట్టు మెట్టుగా ఎక్కిస్తారు. ప్రతి మెట్టు దగ్గరా వోల్టేజీ ఎంత జారిందో రాస్తారు. మా రోజుల్లో ఐదు శాతం లోపుంటే చాలనుకుంటే, ఇప్పటి మంచి సప్లై ఒక శాతం కూడా కదలదు. తర్వాత రిపుల్, అంటే నునుపుగా రావాల్సిన డీసీ మీద మిగిలిపోయే అలలు. ఇంటెల్ ఏటీఎక్స్ నిబంధనల ప్రకారం 12 వోల్ట్ల మీద 120 మిల్లీవోల్ట్లు, 5 మీదా 3.3 మీదా 50 దాటకూడదు. కొలిచే పద్ధతీ వాళ్ళే చెప్పారు. ప్రోబు కొన దగ్గర 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ ఒకటి, 0.1 సెరామిక్ ఒకటి పెట్టాలి, స్కోపు బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్‌కి కట్టేయాలి. మా దగ్గరున్న సెకండ్ హ్యాండ్ స్కోపు పుట్టుకతోనే 20 మెగాహెర్ట్జ్, దాన్ని ప్రత్యేకంగా కట్టేయాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత హోల్డప్ టైము. గోడ కరెంటు హఠాత్తుగా పోతే లోపలి పెద్ద కెపాసిటరు తనలో ఉన్నదాంతో ఎన్ని మిల్లీసెకన్లు లాక్కొస్తుందో చూడటం. ఇప్పటి ఏటీఎక్స్ నిబంధనల ప్రకారం 80 శాతం భారం మీద 17, పూర్తి భారం మీద 12 మిల్లీసెకన్లు. మన దేశంలో ఈ పరీక్షకున్న విలువ ఇంకెక్కడా లేదు. కరెంటు పోయిన క్షణానికీ యూపీఎస్ అందుకునే క్షణానికీ మధ్య సందు ఉంటుంది. ఆ సందు దాటించేది ఈ కెపాసిటరే. డబ్బు మిగుల్చుకోవాలనుకున్న తయారీదారు ముందు చెయ్యి వేసేదీ దీని మీదే, ఎందుకంటే అది లావుగా ఉంటుంది, ఖరీదూ లావే. అయినా మన కుర్రాళ్ళు 1200 వాట్ల సప్లైకి 600 వీఏ యూపీఎస్ తగిలించి, కరెంటు పోగానే మిషన్ ఆగిపోతే సప్లైని తిడతారు. ఆ యూపీఎస్ పూర్తిగా ఇచ్చినా 360 వాట్లేరా నాయనా!

ఇప్పుడు కొత్తగా చేరిన పరీక్ష ఇంకా ఘోరం. ఈ గ్రాఫిక్స్ కార్డులు తిండి ఒక వరసలో తినవు. సగటున 350 వాట్లని చెప్పి, రెప్పపాటులో వెయ్యోవంతు కాలం దాని రెట్టింపుకి ఎగబడతాయి. 2020లో ఆర్‌టీఎక్స్ 3090 వచ్చినప్పుడు, పైకి సరిపడా వాట్లున్న సప్లైలు కూడా ఆట మధ్యలో టపీమని ఆగిపోయేవి. ప్రొటెక్షన్ సర్క్యూటు దాన్ని షార్ట్ అనుకుని కట్ చేసేది. అందుకని 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0లో రాశారు, కార్డుకి 16 పిన్నుల కొత్త కనెక్టరు ఇచ్చే పెద్ద సప్లై తన వాట్లకి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని. 1200 వాట్లది 2400 చూడాలన్నమాట. సప్లైకి ఇది అన్యాయమే. నన్నడిగితే తిండిపోతు కార్డుని మందలించాలి గానీ వండేవాణ్ణి కాదు.

ఇక ఆ బంగారు బిళ్ళ సంగతి. 80 ప్లస్ అనే ఈ పథకం 2004లో అమెరికాలో మొదలైంది. 20, 50, 100 శాతం భారాల మీద లోపలికి వెళ్ళిన కరెంటులో కనీసం 80 శాతం బయటికి రావాలన్నది మొదటి షరతు. 2008లో బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మెట్లు కట్టారు. గోల్డ్ అంటే 87, 90, 87 శాతాలు. చాలా మంచి పని. మా కాలం సప్లైలు 65, 70 శాతం ఇస్తే గొప్ప, మిగతాదంతా మే నెల గాడ్పుగా వెనక నుంచి వచ్చేది. కానీ ఆ బిళ్ళ చెప్పేది పొదుపు గురించి మాత్రమే. రిపుల్ ఎంత, హోల్డప్ ఎంత, షార్ట్ అయితే ఆగుతుందా కాలుతుందా అన్నది దాంట్లో లేదు. పైగా మామూలు 80 ప్లస్ పరీక్ష జరిగేది 115 వోల్ట్ల దగ్గర, 23 డిగ్రీలకి అటూ ఇటూగా ఉన్న చల్లటి గదిలో. మనది 230 వోల్ట్లు కాబట్టి పొదుపు ఒక పిసరు మెరుగ్గానే ఉంటుంది, ఆ మేరకు గొణగను. కానీ 23 డిగ్రీలేమిటండీ? రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం గదిలో పెట్టి చూడమనండి. గది 42, క్యాబినెట్ లోపల ఇంకో పది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ప్రతి పది డిగ్రీలు ఎక్కువైనకొద్దీ ఆయుష్షు సగానికి కోసుకుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు బంగారాన్ని పక్కనపెట్టి, ఆ 1200 వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర ఇస్తానన్నాడో చూస్తారు. ‘40 డిగ్రీల దగ్గర’ అన్నవాడికీ ‘50 దగ్గర’ అన్నవాడికీ చాలా తేడా. ఏమీ అననివాడి జోలికే పోవద్దు.

గోడ ప్లగ్గు గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. 1200 వాట్లు బయటికి రావాలంటే, 87 శాతం లెక్కన, లోపలికి 1380 వాట్లు పోవాలి. 230తో భాగిస్తే సరిగ్గా 6 ఆంపియర్లు. మన గోడ మీద చిన్న ప్లగ్గు మోయగలిగేదీ అంతే. అంటే అంచు మీద నడక. సాయంత్రం వోల్టేజీ 190కి పడిపోయిందనుకోండి, సప్లై అన్నే వాట్ల కోసం ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఏడు దాటుతుంది. దాని మీద పది రూపాయల ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులోనే మానిటరు, రౌటరు, ఫోన్ చార్జరు. లక్షల ఖరీదైన మిషన్‌కి ఇవ్వాల్సిన గీజరు ప్లగ్గు మాత్రం బాత్రూమ్‌లో ఖాళీగా ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఒక్క మాట చెబితే పోయేది.

కనెక్టరు మీదా రెండు ముక్కలు. పాత ఎనిమిది పిన్నుల ప్లగ్గులో మూడు పసుపు వైర్ల మీద 150 వాట్లు, అంటే వైరుకి నాలుగు ఆంపియర్ల చిల్లర. ఆ పిన్నులు ఇంకో అంతకి దగ్గరగా మోయగలవు. అప్పటి ఇంజనీర్లకి తేడా వదలడం తెలుసు. కొత్త 16 పిన్నుల ప్లగ్గులో ఆరు వైర్ల మీద 600 వాట్లు, వైరుకి ఎనిమిదింబావు ఆంపియర్లు దాటుతుంది. పిన్ను హద్దు 9 పైచిలుకు. ఊపిరాడే చోటేదీ? 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చాక ఆ ప్లగ్గులు కరిగిపోయిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. పూర్తిగా లోపలికి నొక్కకపోవడం ఒక కారణమని తేలింది. తర్వాత సెన్స్ పిన్నులు పొట్టిచేసి, సరిగా కూర్చోకపోతే కార్డు ఎక్కువ కరెంటు లాగకుండా కనెక్టరుని మార్చారు. మార్చినా సరే, ‘టక్’మని కూర్చుందా లేదా అన్నది చేత్తో చూసుకోవాల్సిందే. క్యాబినెట్ అద్దం మూతకి నొక్కుకుని వైరు మొదట్లోనే వంగితే ఒకటి రెండు పిన్నుల మీదే భారమంతా పడుతుంది. లైట్లు మెరుస్తున్నాయా లేదా అని చూసేవాడికి ఇది కనిపించదు.

మా రోజుల్లోవన్నీ బంగారమని నేనెప్పుడూ అనలేదు. ఇప్పటి మంచి సప్లై లోపల చూస్తే ఈర్ష్య కలుగుతుంది. ఎల్ఎల్‌సీ రెసొనెంట్ సర్క్యూటు, 5కీ 3.3కీ విడివిడిగా డీసీ-డీసీ కన్వర్టర్లు, 105 డిగ్రీల కెపాసిటర్లు. ఆ హెడ్‌లైట్ బల్బు వింత ఇప్పుడు జరగదు, ఒకదాని భారం ఇంకోదానికి తగలదు. అయినా పరీక్ష అక్కర్లేదని కాదు. 2021లో ఒక పేరున్న కంపెనీ 750, 850 వాట్ల మోడళ్ళు కొన్ని లోడ్ పరీక్షలో పొగలు కక్కి పేలిపోయాయి. భారం మితిమీరితే ఆగిపోవాల్సిన సర్క్యూటు మరీ ఆలస్యంగా మేలుకునేది. రచ్చ జరిగాక ఆ కంపెనీ తన హద్దుని 120–150 శాతం నుంచి 110–120 శాతానికి దించింది. ఆ రెండు మోడళ్ళ మీదా బంగారు బిళ్ళ ఉంది. బిళ్ళ అబద్ధం చెప్పలేదు, పొదుపుగానే పేలాయి.

ఆ సంగతి బయటపెట్టింది కొన్న సప్లైకి లోడ్ పెట్టి చూసినవాళ్ళే. అందుకే, మీకు సొంతంగా యంత్రాలు లేకపోయినా పరీక్ష చదవడం నేర్చుకోండి. సైప్రస్‌లోని సైబెనెటిక్స్ సంస్థ 115, 230 వోల్ట్లు రెంటి దగ్గరా కొలిచి, పొదుపుకొక గ్రేడు, చప్పుడుకొక గ్రేడు ఇస్తుంది. నివేదికలో 230 వోల్ట్ల పేజీ తెరవండి. అంకెలు లేని పొగడ్త ఎంత తియ్యగా ఉన్నా వదిలేయండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, బెజవాడలో గానీ దుకాణాలు నడుపుతున్న తమ్ముళ్ళకొక విన్నపం. ఒక్కొక్కరికీ లోడ్ యంత్రం కొనడం భారమని నాకు తెలుసు. నలుగురైదుగురు కలిసి సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెచ్చి పెట్టండి. సప్లై కొన్నవాడి ఎదుటే అరగంట పూర్తి భారం మీద నడిపి, వోల్టేజీలూ రిపులూ కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. దానికి ఐదొందలు తీసుకోండి, తప్పులేదు. లైట్ల ఫ్యాన్లకి మూడు వేలు పోసేవాడు ఆ ఐదొందలూ ఇస్తాడు. ఇవ్వనంటే నా పేరు చెప్పండి, మా తమ్ముడి కొడుకుని మొదటి గిరాకీగా నేనే లాక్కొస్తాను.